ఓస్లో నగరపు శీతకాల విహారములు

శీతకాలమనగానే మన తెలుగునాట వేకువ చలిమంటలు, వాకిట ముగ్గులు, గొబ్బిళ్లు, కొత్తబియ్యపు పొంగలి స్ఫురించును. మార్గశిర పుష్యమాసములు మనకు సుఖకాలము. ఉత్తరాన 60వ అక్షాంశమునకు చేరువనున్న నార్వే రాజధాని ఓస్లో నగరమున శీతకాలము వేరు. డిసెంబరు మూడవ వారమున అచట సూర్యుడు ఉదయము 9 గంటలు దాటినగాని దర్శనమీయడు. మధ్యాహ్నము 3 గంటలు దాటిన కొలది నిమిషములకే క్రుంకిపోవును. ఉన్న ఆ ఆరుగంటలలోపు పగటియందును అతడు నడినెత్తికి రానేరాడు; కొండల నానుకొని తక్కువ ఎత్తున ప్రయాణము చేసి పడమటికి జారుకొనును.

ఇట్టి చీకటికాలమును ఆ నగరవాసులు తలుపులు బిగించుకొని గడపుదురని మన శ్రోతలు తలచవచ్చును. కాని చలికాలపు ఆదివారమునాడు అచటి రైళ్లలో మనుష్యులతోబాటు పొడవైన స్కీలు, ఊతకఱ్ఱలు, మంచుబండ్లు కూడ ప్రయాణము చేయుచుండును. పసిబిడ్డలనుండి పండుముదుసళ్లవరకు అడవిదారి పట్టుదురు. ఈ అలవాటు అనాదిసిద్ధమని పలువురు భావింతురు గాని, నగరమునకు ఇది పట్టుమని నూటయేబది యేండ్లకు కొంచెము పైబడిన అలవాటే. అది ఎట్లు పుట్టినదో, దానిని కాపాడుకొనుటకు ఆ జనులెంత పట్టుదల చూపిరో ఇచట చెప్పదలచితిమి.

స్కీ అను మాటకు ప్రాచీన నార్సు భాషలో చీల్చిన కొయ్య అని అర్థము. వేలయేండ్లుగా అది వేటగాని పనిముట్టు, రైతు పనిముట్టు, పిమ్మట సైనికుని పనిముట్టు. పట్టణపు పెద్దమనుష్యులకు దానితో పనిలేదు. 1624లో ఓస్లో అగ్నికి ఆహుతియైన పిమ్మట నాల్గవ క్రిస్టియన్ రాజు దానిని కొంత దూరమున తిరిగి కట్టించి, క్రిస్టియానియా అని తన పేరు పెట్టుకొనెను. ఆ పేరు 1924 తుదివరకు నిలిచి, 1925 జనవరి 1 నుండి పాతపేరు మరల వచ్చినది. ఆ క్రిస్టియానియాలో చలికాలమున కలవారు గుఱ్ఱపు మంచుబండ్లలో తిరిగిరి. లేనివారు కట్టెలకై వెదకిరి. మంచు వినోదవస్తువన్న ఊహ ఇంకను రాలేదు.

1868లో టెలెమార్క్ ప్రాంతపు మోర్గెడాల్ అను పల్లెనుండి సోండ్రె నోర్‌హైమ్ అను నిరుపేద కౌలురైతు ఈ నగరమునకు వచ్చి స్కీ పందెమున పాల్గొనెను. అప్పటికి అతనికి నలుబది దాటినవి. అతడు మెత్తని చెట్టు కొమ్మలు మెలిపెట్టి మడమచుట్టు కట్టుకొనెడి పట్టీని వాడెను. అందుచే కాలినుండి స్కీ ఊడిపోక, ఇష్టమైనవైపు తిరుగుటకును, గాలిలోనికెగిరి దిగుటకును వీలు కలిగినది. నగరవాసులు నోళ్లు తెరచి చూచిరి. తరువాతి కాలమున దేశమంతయు అతనిని ఈ క్రీడకు ఆదిపురుషునిగా కొనియాడినది గాని, జీవించియుండగా అతనికి దక్కినది స్వల్పము. 1884లో పొట్టకూటికై అమెరికాకు వలసపోయి, ఉత్తర డకోటా మైదానములలో 1897లో మరణించెను. స్కీలపై దిగుటకు కొండయన్నది లేని చదునుభూమి అది!

అటుపై పనులు వడివడిగా సాగినవి. 1879లో నగరశివారున హూసెబీ కొండపై పందెములు మొదలైనవి. 1883లో స్కీక్రీడ పెంపునకై ఒక సంఘము వెలసినది. అది నేటికిని అడవిదారులను తీర్చిదిద్దుచున్నది. హూసెబీ పల్లమున మంచు నిలకడగా లేకపోవుటచే 1892లో పందెమును ఎత్తైన హోల్మెన్‌కోలెన్ కొండకు మార్చిరి. ఆ మొదటియేడు మిక్కిలి దూరము దూకినవాని దూకుడు 21.5 మీటర్లు. ఆ కొండమీది కట్టడమును ఎన్నోమారులు పెంచి, తుదకు 2010లో ఉక్కుతో నూతనముగ నిర్మించిరి. నేడచట దూకువారు 130 మీటర్లను దాటుచున్నారు.

ఈ ఉత్సాహమునకు ఆజ్యము పోసినవాడు ఫ్రిడ్‌యోఫ్ నాన్సెన్. 1888లో అతడు అయిదుగురు తోడివారితో గ్రీన్‌లాండు మంచుభూమిని స్కీలపై అడ్డముగా దాటెను. 1890లో ఆ యాత్రను గూర్చి గ్రంథము వెలువరించగా, క్రిస్టియానియా యువకులందఱకు స్కీలపై పిచ్చి పట్టినది. అతని భార్య ఈవా ప్రఖ్యాత గాయని. వీరి తొలిచూపును గూర్చి ఒక కథ వాడుకలో నున్నది: నగరము పైనున్న అడవిలో నాన్సెన్ పోవుచుండగా మంచుగుట్టనుండి రెండు కాళ్లు మాత్రము పైకి కనబడెనట, లాగి చూడగా తలక్రిందులుగా పడిన ఈవా! కథ నిజమో కాదో గాని, ఆనాడు స్త్రీలు స్కీలపై తిరుగుట గౌరవము కాదని మూతులు విరిచినవారి యెదుట ఆమె నిర్భయముగా తిరిగెననుట నిజము. 1892లో భర్తతో హార్డంగర్ పీఠభూమిని శీతకాలమున దాటెను. అయినను, ఒలింపిక్సులో స్త్రీలకు మంచుపై దూరప్రయాణపు పందెము లభించుటకు 1952 వరకు వేచియుండవలసివచ్చినది. వింతయేమన అది లభించినది ఓస్లోలోనే. గెలిచినది ఫిన్లాండు వనిత లూడియా వీడెమన్.

కొండమీదికి పోవు స్తోమత మొదట కలవారికే యుండెను. దీనిని మార్చినది విద్యుద్రైలు. 1898లో మాయోర్‌స్టువెన్ నుండి హోల్మెన్‌కోలెన్ దిక్కునకు విద్యుద్రైలు నడచినది. 1916లో దానిని ఇంకను పైకి, ఫ్రోగ్నెర్‌సేటెరెన్ వరకు పొడిగించిరి. 1928లో సొరంగము త్రవ్వి నగరమధ్యమున జాతీయ నాటకశాల వద్దకు తెచ్చిరి. గుమాస్తా, దర్జీ, అచ్చుకూర్పరి, ఎవరైనను టిక్కెట్టు కొని, స్కీలను పెట్టె ప్రక్కన తగిలించి, కొలదిసేపటిలో సముద్రమట్టమునుండి 400 మీటర్లకు పైని అడవిలో దిగగలిగిరి. 1919 నాటి చట్టముచే ఎనిమిది గంటల పనిదినము స్థిరపడుటయు, 1924లో శ్రామికులు తమ క్రీడాసమాఖ్యను స్థాపించుకొనుటయు దీనికి తోడ్పడినవి. నాన్సెన్ ఎంత ప్రేరేపించినను తీరికయు రైలు చార్జీయు లేనివానికి అడవి అందదు గదా!

ఫ్రోగ్నెర్‌సేటెరెన్ వద్ద 1891లో కొయ్యతో కట్టిన ఫలహారశాల నేటికిని కలదు. దాని సమీపమునుండి క్రిందికి సుమారు 2 కిలోమీటర్ల వంకరటింకర దారి పోవును. దాని పేరునకు బిరడా తీయు మెలికపుల్ల అని అర్థము. జనులు మంచుబండిపై కూర్చుండి దానిలో జారుదురు; అడుగున రైలెక్కి మరల పైకి వత్తురు; మరల జారుదురు. ఈ క్రమము సాయంకాలము వరకు సాగును. పిల్లలకంటె పెద్దల కేకలే ఎక్కువగా వినబడునని చెప్పుదురు.

అడవికి పోనివారికి నగరమున వేడుకలు లేకపోలేదు. కార్ల్ యోహాన్ వీధిలో మధ్యాహ్నవేళ కలవారు షికారు చేయుట 19వ శతాబ్దమున పెద్ద ఆచారము. ఆ వీధిలోని గ్రాండ్ కఫేకు, 1891లో స్వదేశమునకు తిరిగివచ్చిన నాటకకర్త ఇబ్సెన్ ప్రతిదినము ఒకే వేళకు వచ్చుచుండెను. ఆయన రాకను చూచి జనులు గడియారములు సరిచేసికొనెడివారని ప్రతీతి. నార్వేవారు పరమప్రీతితో వాడు ఫ్రిలుఫ్ట్స్‌లివ్ అను మాట, అనగా ఆరుబయటి జీవనము, ఆయన 1859 నాటి దీర్ఘకవితలోనే కనబడును. ఆ మాటను దేశమునకిచ్చిన మహాకవి తాను మాత్రము వెచ్చని కాఫీశాలను వదలకుండుట మాకు ముచ్చటగా తోచును.

1940 ఏప్రిల్ 9న జర్మను సేనలు నార్వేను ఆక్రమించినవి. ఆ శరదృతువున క్రీడాసంఘములను తమ చేతిలోనికి తీసికొనుటకు ఆక్రమణ ప్రభుత్వము పూనుకొనగా క్రీడాకారులు పోటీలను బహిష్కరించిరి. సర్కారు జరిపించిన పోటీలకు ఆటగాండ్రును రాలేదు, ప్రేక్షకులును రాలేదు. 1941 నుండి 1945 వరకు హోల్మెన్‌కోలెన్ పందెము జరుగలేదు. 1941లోనే ప్రజల ఇండ్లనుండి రేడియోలను కూడ లాగికొనిరి. ఇంటిలో రేడియో గల మన శ్రోతలకు ఆ నష్టమెట్టిదో విడమరచి చెప్పనక్కఱలేదు. కాని అడవిని ఎవరును లాగికొనలేకపోయిరి. ఆదివారపు విహారులవలె సంచి తగిలించుకొనిపోయినవారిలో ప్రతిఘటనోద్యమపు వారునుండిరి. విమానములనుండి జారవిడిచిన ఆయుధములను నూర్డ్‌మార్కా అడవులలో అందుకొనిరి. పోటీ మానిన జాతి స్కీలను మాత్రము మానలేదు.

యుద్ధము ముగిసిన మరుసటి యేడే మరియొక చిక్కు వచ్చినది. ఈ అడవి నగరప్రజల విహారభూమియే గాని, చాలభాగము వారి సొత్తు కాదు. 17వ శతాబ్దమున రాజు చేతినుండి ప్రైవేటువారికి పోయి, తుదకు ఒక భూస్వామి వంశము చేతిలో నిలిచినది. నగరపాలక సంఘము 1889లో ఫ్రోగ్నెర్‌సేటెరెన్ ప్రాంతమును కొని, పిమ్మట మరికొంత కొన్నదే గాని మొత్తమును కొనలేదు. 1946లో నూర్డ్‌మార్కా మీదుగా పెద్ద విద్యుత్తు తీగెలు వేయు ప్రతిపాదన రాగా సుమారు 30,000 మంది నగరసభాభవనము ముందు గుమిగూడి నిరసన తెలిపిరి. ఇండ్లు కావలెను, విద్యుత్తు కావలెను, అన్నము కావలెను అన్న కఱవురోజులవి. అట్టి సమయమున ఆకలికై గాక అడవికై అంతమంది వీధిలోనికి వచ్చుట మేము చిన్నవిషయముగా నెంచము. రెండుప్రక్కల వాదమును ఆలకింపదగినదే. విద్యుత్తు లేనిదే ఆ చీకటిదేశమున వంటిల్లు నడువదు. కాని ఒకమారు కొట్టిన అడవి ఒక తరములో తిరిగిరాదు.

1957లో ఆరుబయటి జీవనపు చట్టమొకటి వచ్చి, సాగులో లేని భూమిపై, అది ఎవరి సొత్తైనను, కాలినడకను స్కీలపైని తిరుగుటకు ప్రతివానికి గల హక్కును ధ్రువపరచినది. చాలకాలమునకు, 2009లో, ఓస్లో చుట్టునున్న మార్కా అడవికి ప్రత్యేక చట్టమే చేసిరి. సుమారు 1,700 చదరపు కిలోమీటర్ల ఆ అడవికి ఎల్లగీత గీచి, గీతలోపల కట్టడములను సాధారణముగ నిషేధించిరి. గీత వెలుపల ఇండ్ల ధరలు ఆకాశమంటుచుండగా, ఆ గీతను కొంచెము జరుపరాదా యని అడుగువారు లేకపోలేదు. మా తలంపున అట్టి గీత ఒకమారు జరిగినచో మరియొకమారు జరుగక మానదు.

1952 ఫిబ్రవరిలో శీతకాల ఒలింపిక్సు ఈ నగరమున జరిగినవి. ఆ జ్యోతిని మోర్గెడాల్‌లో, సోండ్రె నోర్‌హైమ్ పుట్టిన గుడిసె పొయ్యిలో వెలిగించిరి. దానిని తుదకు మోసికొని వచ్చినవాడు నాన్సెన్ మనుమడు ఐగిల్. బ్రిటిషు రాజు ఆరవ జార్జి అంత్యక్రియలకై రాజును యువరాజును లండనుకు పోయియుండుటచే రాకుమారి రాన్‌హిల్డ్ క్రీడలను ప్రారంభించెను. అంతకుముందు ఒలింపిక్సును ప్రారంభించిన స్త్రీ లేదు. బిస్లెట్ మైదానమున యాల్మర్ ఆండెర్సెన్ స్కేటింగు పందెములలో మూడు స్వర్ణపతకములు గెలిచెను. హోల్మెన్‌కోలెన్ దూకుపందెమునకు లక్షకు మించి జనము వచ్చిరి. ఆనాటి నగర జనాభా నాలుగున్నర లక్షలకు లోపే!

ఆ యువరాజే పిమ్మట అయిదవ ఓలాఫ్ రాజు. 1922, 1923 సంవత్సరములలో తానును హోల్మెన్‌కోలెన్ మీదినుండి దూకినవాడు. 1973 డిసెంబరులో చమురు కొఱతచే వారాంతములలో కార్లు నడుపరాదని నిషేధము విధింపబడగా, ఆయన స్కీలు తీసికొని అందఱివలె రైలెక్కెను. టిక్కెట్టునకు డబ్బు చాచుచున్న రాజు ఛాయాచిత్రము ఆ దేశమున ఎరుగనివారుండరు.

నేటి ఓస్లోలో అడవిదారులు 2,000 కిలోమీటర్లకు మించియున్నవి. కొన్నింటికి విద్యుద్దీపములు కట్టుటచే పని ముగించుకొని చీకటిలో స్కీలపై తిరుగువారు పలువురు. దారిలోని కొయ్యగుడిసెలలో వాఫిలను పలుచని అట్టును, వేడి నల్లద్రాక్షవంటి పండ్లరసమును అమ్ముదురు. ఊరిలో సభాభవనమునకు, నాటకశాలకు నడుమ నీటిని గడ్డకట్టించి స్కేటింగు తావును నిర్మింతురు. 2020లో రేవువద్ద తెరచిన నగరగ్రంథాలయము సాయంత్రములందు నిండియుండును. రేవులో తేలు తెప్పలపై వేడి ఆవిరిగదులు వెలసినవి. అందు చెమటలు పట్టువరకు కూర్చుండి, తటాలున మంచునీటిలోనికి దూకుట ఈ మధ్యకాలపు వేడుక.

ఇప్పుడు చిక్కు తీగెలదియు కాదు, ఇండ్లదియు కాదు. భూమి వేడెక్కుటచే దిగువప్రాంతములలో మంచు నిలుచు దినములు తగ్గుచున్నవి. చట్టముచే అడవిని కాపాడిరి గాని మంచును కాపాడుటకు ఏ చట్టము సరిపోవును? కొన్ని యేండ్లు డిసెంబరంతయు ఊరిలో వానచినుకులే. అట్టి ఆదివారములలో జనులు జాతీయ నాటకశాల స్టేషనులో స్కీలు పట్టుకొని దిగువన రైలునకై వేచియుందురు. తడిసిన బూడిదరంగు ఇండ్లమధ్యనుండి బయలుదేరిన రైలు మలుపులు తిరుగుచు పైకి పోవును. హోల్మెన్‌కోలెన్ దాటుసరికి కిటికీకి తగులు చినుకులు రేకులగును. ఫ్రోగ్నెర్‌సేటెరెన్‌లో తలుపులు తెరచుకొనుసరికి వేదిక తెల్లగా నుండును. పిల్లలే ముందు దిగుదురు.