రాహువు, భూచ్ఛాయ: గ్రహణకథ వాచ్యార్థంపై ప్రాచీన సిద్ధాంతకర్తల విచారణ

గ్రహణం పట్టిందని, విడిచిందని తెలుగువారు నేటికీ అంటారు. పట్టుస్నానం, విడుపుస్నానం అనే మాటలు ఇంకా వాడుకలో ఉన్నాయి. సంస్కృతంలోని గ్రహణశబ్దానికి కూడా పట్టుకోవడమనే అర్థం. సూర్యచంద్రులను పట్టేవాడు ఒకడున్నాడనే భావన ఈ మాటలన్నింటిలో ఇమిడి ఉంది. అయితే ఆ పట్టువిడుపుల వేళలను ముందుగానే నిర్ణయించే పంచాంగగణితంలో పట్టే రాక్షసునికి స్థానం లేదు. ఈ వైరుధ్యాన్ని పూర్వులు గమనించారా? గమనిస్తే ఏ విధంగా పరిష్కరించుకొన్నారు? క్రీ.శ. 5వ శతాబ్దం చివరి నుండి 12వ శతాబ్దం వరకు వెలువడిన ప్రధాన జ్యోతిస్సిద్ధాంతగ్రంథాల ఆధారంగా ఈ ప్రశ్నలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ పరిశీలనకు వర్తమాన ప్రయోజనం కూడా ఉంది. పురాణకథలన్నీ సంకేతరూపంలో దాచిన విజ్ఞానమేనని ఒక వాదం వినబడుతున్నది. పురాణకథలను ప్రశ్నించడం ఆంగ్లవిద్యతోనే మన దేశానికి వచ్చిందని దానికి ఎదురువాదం. గ్రహణచర్చ చరిత్ర ఈ రెండింటినీ సమర్థించదు.

కథ, దాని వాచ్యార్థం

ఋగ్వేదం ఐదవ మండలంలో స్వర్భానుడు సూర్యుని చీకటితో కప్పగా అత్రిమహర్షి విడిపించినట్లు ఉంది. మహాభారతం ఆదిపర్వంలో ఈ భావన విస్తృతమైన కథగా కనిపిస్తుంది. దేవతల పంక్తిలో మారువేషంతో కూర్చుండి రాహువు అమృతం తాగడం, సూర్యచంద్రులు ఆ సంగతి తెలపడం, విష్ణువు చక్రంతో అతని శిరస్సు ఖండించడం, అమృతం కంఠం వరకే చేరినందున శిరస్సు మాత్రం అమరమై నాటి వైరంతో సూర్యచంద్రులను పట్టడం ఇందులోని అంశాలు. 11వ శతాబ్దంలో నన్నయ ఆదిపర్వం ద్వారా ఈ కథ తెలుగు కావ్యభాషలోకి వచ్చింది.

దీనిని అక్షరాలా స్వీకరిస్తే గ్రహణానికి కారణం పగ. పగ గలవాడు తనకు తోచినప్పుడు పట్టాలి. కాని చంద్రగ్రహణం పూర్ణిమనాడు తప్ప, సూర్యగ్రహణం అమావాస్యనాడు తప్ప రావు. పురాణాల లోకవర్ణనతో మరొక చిక్కు ఉంది. విష్ణుపురాణం, భాగవతం చంద్రుని స్థానాన్ని సూర్యునికి పైన లక్ష యోజనాల దూరంలో చెప్పాయి. పైన ఉన్న చంద్రుడు కింద ఉన్న సూర్యుని మనకు కనబడకుండా కప్పజాలడు. కనుక రాహువును తొలగించినంత మాత్రాన సమస్య తీరదు, గ్రహకక్ష్యల క్రమం కూడా మారాలి. సిద్ధాంతకర్తలు ఈ రెండు పనులూ చేశారు.

ఆర్యభటుని మౌనం

క్రీ.శ. 499లో తనకు 23 ఏళ్లు నిండినట్లు ఆర్యభటుడు తన గ్రంథంలో చెప్పుకొన్నాడు. ఆర్యభటీయం గోళపాదంలో సూర్యుని చంద్రుడు, చంద్రుని భూమి నీడ కప్పుతాయని నిర్ణయించి, నీడ పొడవును, చంద్రకక్ష్య వద్ద దాని వ్యాసాన్ని కట్టే విధానం తెలిపాడు. కక్ష్యలలో చంద్రుని భూమికి అతి సమీపంలో నిలిపాడు. గ్రహణకారణం చెప్పే ఆ సందర్భంలో ఆయన రాహుకథను ఖండించలేదు, సమర్థించలేదు, ప్రస్తావించనే లేదు. ఈ మౌనమే తరువాతి వివాదానికి బీజమైంది.

వరాహమిహిరుని ప్రశ్నలు

మౌనంగా ఉన్న అంశాన్ని బహిరంగ విచారణకు తెచ్చినవాడు 6వ శతాబ్దంలోని వరాహమిహిరుడు. బృహత్సంహిత ఐదవ అధ్యాయం రాహుచారం. అందులో ఆయన మొదట కథను, రాహువు రూపాన్ని గురించిన భిన్నాభిప్రాయాలను పేర్కొని, ఆపై ఒక్కొక్కదానిని తర్కంతో పరీక్షించాడు. రాహువు నియతమైన గతితో రాశిచక్రంలో తిరిగే దేహధారి అయితే, తనకు ఆరు రాశుల దూరంలో ఉన్న బింబాన్ని ఎలా పట్టగలడు? అతని గతికి నియమం లేదంటే గ్రహణవేళ గణితానికి ఎలా అందుతున్నది? ముఖంతో ఒకరిని, తోకతో మరొకరిని పట్టే సర్పమంటే, రాశిచక్రంలో సగం వరకు వ్యాపించిన ఆ దేహం నడుమనున్న వాటిని ఎందుకు కప్పదు?

తర్కం తరువాత ఆయన ప్రత్యక్షాన్ని సాక్ష్యంగా తెచ్చాడు. చంద్రగ్రహణం చంద్రుని పడమటి అంచున గాని, సూర్యగ్రహణం సూర్యుని తూర్పు అంచున గాని మొదలు కాదు. చంద్రుడు పడమటి నుండి తూర్పుకు సూర్యుని కంటె వేగంగా కదులుతాడు. అందువల్ల భూచ్ఛాయలో ప్రవేశించేటప్పుడు అతని తూర్పు అంచు ముందుగా మసకబారుతుంది. సూర్యుని కప్పేటప్పుడు పడమటి వైపు నుండి వస్తాడు గనుక సూర్యుని పడమటి అంచు ముందుగా మరుగవుతుంది. ఇద్దరినీ పట్టేవాడు ఒక్కడే అయితే ఈ భేదానికి, అందులోని నియమానికి కారణం చెప్పడం కష్టం. బింబం సగం మరుగైనప్పుడు మిగిలిన భాగపు కొమ్ములలోనూ భేదముంది. చంద్రగ్రహణంలో కొమ్ములు మొద్దుగా ఉంటాయి, కప్పే నీడ చంద్రబింబం కంటె ఎంతో పెద్దది గనుక. సూర్యగ్రహణంలో కప్పేది చిన్నది గనుక అవి వాడిగా ఉంటాయి. ఈ లక్షణాలను పరికరాల అవసరం లేకుండా పరిశీలించవచ్చు. శాస్త్రవాక్యాన్ని ప్రకృతితో సరిచూడాలన్న పద్ధతి ఇక్కడ స్పష్టంగా ఉంది.

అయినా ఆ అధ్యాయం ఖండనతో ముగియలేదు. గ్రహణసమయంలో జరిగే దానహోమాలలో భాగం పొందేటట్లు బ్రహ్మ రాహువుకు వరమిచ్చాడని, ఆ వేళ అతని సాన్నిధ్యం ఉంటుంది గనుక లోకం అతనిని చెప్పుకొంటున్నదని వరాహమిహిరుడు సమాధానపడ్డాడు. అటుపై ఏ మాసంలో, ఏ రంగుతో, ఏ దిక్కున గ్రహణం పడితే దేశానికి ఏ ఫలమో దీర్ఘంగా వివరించాడు. కారణం విషయంలో కథను కాదన్న గ్రంథమే ఫలం విషయంలో ఆచారాన్ని నిలబెట్టింది.

బ్రహ్మగుప్తుని అభ్యంతరం

క్రీ.శ. 628లో తన 30వ ఏట బ్రాహ్మస్ఫుటసిద్ధాంతం రచించిన బ్రహ్మగుప్తుడు ఈ చర్చను వేరొక మలుపు తిప్పాడు. గ్రహణానికి రాహువు కారణం కాదనడం లోకానికి, వేదానికి, స్మృతికి, సంహితలకు విరుద్ధమని ఆర్యభటుని, వరాహమిహిరుని తప్పుపట్టాడు. వారి మాటే నిజమైతే గ్రహణవేళ విధించిన కర్మలన్నీ నిష్ఫలం కావలసివస్తుందని ఆయన ఆందోళన. ఈ వాదంలో పణంగా ఉన్నది ఒక రాక్షసుని ఉనికి మాత్రమే కాదు. స్నానం, జపం, దానం విధించిన శాస్త్రవాక్యాల ప్రామాణ్యమే ఇక్కడ ప్రశ్నార్థకమైంది.

అదే బ్రహ్మగుప్తుడు గ్రహణగణితమంతా భూచ్ఛాయ, చంద్రబింబం కొలతలతోనే చేశాడు. క్రీ.శ. 1030 ప్రాంతంలో భారతదేశాన్ని గురించి గ్రంథం రాసిన అల్‌బిరూని ఈ వైరుధ్యాన్ని ఎత్తిచూపాడు. సోక్రటీసుకు పట్టిన గతి వంటిది తనకూ పడుతుందనే భయమే బ్రహ్మగుప్తుని చేత అలా పలికించి ఉంటుందని ఊహించాడు. ఈ ఊహకు బ్రాహ్మస్ఫుటసిద్ధాంతంలో ప్రత్యక్షమైన ఆధారం లేదు. శ్రుతిపై ఆయనకు నిజమైన విశ్వాసమే ఉండి ఉండవచ్చు. ఆయన మనస్సు మాట ఎలా ఉన్నా, గ్రంథనిర్మాణం ఒక సంగతిని స్పష్టం చేస్తున్నది. రాహుసమర్థన గోళాధ్యాయంలోని వాదంగా మిగిలింది గాని గణితంలో ఒక్క రాశినీ మార్చలేదు.

లల్లుడు, భాస్కరుడు

8వ శతాబ్దపువాడుగా సాధారణంగా భావించే లల్లుడు శిష్యధీవృద్ధిదతంత్రంలో మిథ్యాజ్ఞానం పేరుతో ఒక అధ్యాయమే కేటాయించాడు. రాహువు పట్టడం, భూమి బల్లపరుపుగా ఉండడం, సూర్యుని కంటె చంద్రుడు పైన ఉండడం వంటి అభిప్రాయాలను అందులో ఖండించాడు. విద్యార్థికి గణితంతోపాటు అపోహల నిరసనను కూడా పాఠంగా చేర్చడం ఆయన విశిష్టత.

1150లో సిద్ధాంతశిరోమణి రచించిన భాస్కరాచార్యుడు రెండు ధోరణులనూ కలిపాడు. దిక్కుల భేదం, కొమ్ముల భేదం, దేశకాలాల భేదం చూపి రాహువు కప్పడం కుదరదన్నాడు. వెంటనే శ్రుతిస్మృతులతో విరోధం రాకుండా, బ్రహ్మవరం వల్ల తమోరూపుడైన రాహువు చంద్రగ్రహణంలో భూచ్ఛాయలోను, సూర్యగ్రహణంలో చంద్రబింబంలోను ప్రవేశిస్తాడని సమన్వయించాడు. ఈ సమన్వయంలో రాహువు నీడ వెళ్లే చోటికే వెళ్లాలి, నీడ ఆగే చోట ఆగాలి. అతనికి స్వతంత్రమైన చలనం లేదు, కోపం లేదు. కథలోని పేరు నిలిచింది గాని కథకు ప్రాణమైన పగ పోయింది.

రాహువంటే చంద్రకక్ష్య, క్రాంతివృత్తం ఖండించుకొనే పాతబిందువేననే వ్యాఖ్యను కూడా ఈ క్రమంలోనే అర్థం చేసుకోవాలి. జ్యోతిషగణితంలో ఆ బిందువుకు రాహువనే పేరు స్థిరపడిన మాట నిజమే. సుమారు 18.6 ఏళ్లకు ఒక చుట్టు వెనుకకు తిరిగే ఆ బిందువు దగ్గర సూర్యచంద్రులు ఉంటేనే గ్రహణం సాధ్యం. కాని ఆదిపర్వకథలో కక్ష్యలు లేవు, ఖండనబిందువు లేదు, వక్రగతి లేదు. కథలో ముందే దాచిన గణితాన్ని తరువాతివారు వెలికితీశారనడం కంటె, గణితజ్ఞులు తమ బిందువుకు కథలోని పేరు పెట్టుకొన్నారనడం ఈ ఆధారాలకు అనుగుణం.

తెలుగు నేల

లల్లుని గ్రంథానికి వ్యాఖ్య రచించిన 12వ శతాబ్దపు మల్లికార్జునసూరి ఆంధ్రదేశీయుడు. సూర్యసిద్ధాంతానికి ఆయన తెలుగులోనూ వ్యాఖ్య రచించాడు. నన్నయ చెప్పిన రాహుకథ, లల్లుడు చేసిన రాహుఖండన సుమారు ఒకటిన్నర శతాబ్దాల వ్యవధిలోనే ఈ నేలపై వ్యాఖ్యానం పొందాయి. ఒకటి కావ్యరసానికి, మరొకటి శాస్త్రబోధకు చెందినవి.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం తెలుగు ప్రాంతం మీదుగా సాగింది. గుంటూరులో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్, మచిలీపట్నంలో మద్రాసు వేధశాలకు చెందిన పాగ్సన్, వనపర్తిలో అదే వేధశాలకు చెందిన చింతామణి రఘునాథాచారి దానిని పరిశీలించారు. సంప్రదాయగణితం తెలిసిన రఘునాథాచారి పంచాంగాన్ని ప్రత్యక్షపరిశీలనకు సరిపడేటట్లు సవరించాలని కోరాడు. వరాహమిహిరుడు దిక్కులను, కొమ్ములను సాక్ష్యంగా పిలిచిన పద్ధతికి ఇది దూరమైనది కాదు.

ముగింపు

ఆర్యభటుని మౌనం, వరాహమిహిరుని పరీక్ష, బ్రహ్మగుప్తుని అభ్యంతరం, లల్లుని ఖండన, భాస్కరుని సమన్వయం ఒకే ప్రశ్నకు వచ్చిన ఐదు సమాధానాలు. శాస్త్రకథను అక్షరాలా గ్రహిస్తే అది తర్కానికి, ప్రకృతికి నిలుస్తుందా అన్న ఆ ప్రశ్న సంప్రదాయం లోపలి నుండే పుట్టింది. అయితే ప్రశ్నించినవారు కూడా ఆచారాన్ని వదలలేదు. గ్రహణస్నానానికి వేళ కావాలి, వేళకు గణితం కావాలి. గణితానికి మాత్రం రాక్షసుడు అక్కరలేదు. ఆచారం గణితంపై ఆధారపడినందున గణితజ్ఞునికి సమాజంలో చోటు దక్కింది. ఆ చోటును కాపాడుకోవలసినందున అతని తర్కానికి ఒక హద్దు ఏర్పడింది. నీడ సంగతి తెలిసిన ఎన్నో శతాబ్దాల తరువాత కూడా లోకవ్యవహారంలో పట్టు, విడుపు నిలిచిపోవడానికి ఈ పరస్పరాధారం ఒక ముఖ్యకారణమని ఈ పరిశీలన సూచిస్తున్నది.