సుఖవ్యాధి: ఎవరి సుఖం?

మా తుళ్లూరులో నా చిన్నప్పుడు పెద్దవాళ్ళు సెగ, సవాయి అనే మాటల్ని గొంతు తగ్గించి పలికేవాళ్ళు. చదువుకున్నవాళ్ళు ‘సుఖవ్యాధులు’ అనేవాళ్ళు. ఆ పేరు నన్ను ఇప్పటికీ వేధిస్తూనే ఉంది. సుఖం ఎవరిది, వ్యాధి ఎవరికి?

మాతో మిరపకోతలకు వచ్చే ఒక పిన్ని ఉండేది. ఆమె భర్త గుంటూరు వెళ్ళి సూదులు వేయించుకొచ్చాడు. ఆమెకు మందు ఇప్పించలేదు, సంగతీ చెప్పలేదు. కొన్నాళ్ళకు అతనికి జబ్బు తిరగబెట్టింది. “నీవల్లే వచ్చింది” అని ఆమెను కొట్టాడు. “పొత్తికడుపులో ఒకటే నొప్పి. పొద్దుగూకుతుందంటేనే భయమేస్తందక్కా” అని ఆమె మా అమ్మతో అనడం విన్నాను. ఆ మాటల అర్థం పెద్దయ్యాక అమ్మ చెప్పింది. చరిత్ర చదివాక ఇంకొకటి తెలిసింది. అతనన్న మాటే ఒకప్పుడు చట్టం.

1868లో బ్రిటిష్ ప్రభుత్వం ఇక్కడ అంటురోగాల చట్టం చేసింది. మద్రాసు వంటి నగరాల్లో వేశ్యావృత్తిలో ఉన్న స్త్రీలు పేర్లు నమోదు చేయించుకోవాలి, శరీర పరీక్షలకు హాజరు కావాలి. జబ్బుందంటే లాక్ హాస్పిటల్లో నిర్బంధమే. వాళ్ళ దగ్గరకు వెళ్ళే మగవాళ్ళకు మాత్రం ఆ చట్టం కింద ఏ పరీక్షా లేదు. ఇంగ్లండులో ఇలాంటి చట్టాల మీద జోసెఫిన్ బట్లర్, ఆమె సహచరులు ఏళ్ళ తరబడి పోరాడారు. అక్కడ 1886లో, ఇక్కడ 1888లో అవి రద్దయ్యాయి. చట్టం పోయింది కానీ ఆ చూపు పోలేదు.

ఆ చూపుకి జబ్బు అంటించే స్త్రీ కనపడుతుంది, జబ్బు అంటించుకున్న భార్య కనపడదు. 2004-05లో గుంటూరు జిల్లాలో పన్నెండు వేల మందికి పైగా రక్తం పరీక్షించిన ఒక అధ్యయనంలో, 15-49 ఏళ్ళ పురుషుల్లో 1.74 శాతం, స్త్రీలలో 1.70 శాతం మందికి హెచ్‌ఐవి ఉన్నట్లు తేలింది. దాదాపు సమానం. అది ఊళ్ళల్లో, ఇళ్ళల్లో చేసిన సర్వే.

గనేరియా, క్లమీడియా స్త్రీలలో చాలాసార్లు పైకి కనపడవు. మందు పడకపోతే గర్భసంచికీ, నాళాలకూ పాకుతాయి. కలయికలో నొప్పి, ఏళ్ళ తరబడి కడుపునొప్పి, ఒక్కోసారి సంతానం లేకపోవడం మిగులుతాయి. ఇద్దరికీ వైద్యం జరగకపోతే జబ్బు మళ్ళీ మళ్ళీ వస్తుంది. పిన్ని ఇంట్లో జరిగింది అదే. తెల్లబట్ట అయిన ప్రతిసారీ అది సుఖవ్యాధి కాదు. అయినా అనుమానం ఆడదాని మీదే.

నేను చదివిన నివేదికలు ఆమె గర్భాన్నీ, పుట్టబోయే బిడ్డనీ, ప్రాణాన్నీ లెక్కపెట్టాయి. నొప్పీ భయమూ లేకుండా పడుకోగలుగుతోందా, వద్దనగలదా, తనంతట తాను కోరుకోగలదా అని అడిగినవి తక్కువ. ఇప్పుడు ప్రభుత్వ కాగితాల్లో వీటి పేరు ‘లైంగిక సంక్రమణ వ్యాధులు’. పేరులోంచి సుఖం పోయింది, మంచిదే. పిన్ని జీవితంలోంచి పోయిన సుఖం మాటేమిటి? దాన్ని కూడా మన చరిత్రలో నష్టంగా రాసుకోవాలి.