పెత్రమాసయు బతుకమ్మయు

భాద్రపద బహుళామావాస్య పితృదేవతలకు విహితమైన దినము. తెలంగాణమున దీనిని పెత్రమాస యందురు. పితృశబ్దమును అమావాస్యాశబ్దమును గలసి, వాడుకలో నరిగి యీ రూపము దాల్చినవి. ఆ సాయంకాలముననే ఎంగిలిపూల బతుకమ్మతోఁ దొమ్మిదినాళ్ల పండుగ మొదలగును. ఉదయమునఁ బెద్దలకు బియ్యమిచ్చుటకును, సాయంకాలమునఁ బూలు పేర్చుటకును సంబంధము లేదని మన పండితులు తలంతురు. నేనును చిరకాల మట్లే తలఁచితిని. ఇప్పు డా యభిప్రాయమును విడిచితిని.

ఆనాఁటి బతుకమ్మకు నువ్వులును బియ్యపుపిండియు నివేదింతురు. తిలలు తర్పణద్రవ్యమని పాఠకులకుఁ జెప్ప నక్కఱలేదు. ఇఁక ఎంగిలిపూలన్న పేరు. ముందటినాఁడు కోసి నీటనుంచిన పూలగుటచే నా పేరు వచ్చెనని కొందఱును, భుజించిన పిదపఁ బేర్చుటచే వచ్చెనని కొందఱును జెప్పుదురు. నాకు రెండవ పక్షము రుచించుచున్నది. ఎంగిలికి సంస్కృతమున ఉచ్ఛిష్టమని పేరు. శిషధాతువునకు మిగుల్చుట యర్థము. శ్రాద్ధమునఁ బితరుల కర్పింపఁగా మిగిలినదియే గృహస్థునకు భోజనము. ఆ శేషమును భుజించిన చేతులతోనే స్త్రీలు పూలు పేర్తురు. ఇది నా యూహయే కాని నిర్ణయము గాదు. వాడుకలోనున్న కథయు దీనికిఁ దోడ్పడుచున్నది. నూర్గురు కొడుకులను యుద్ధమునఁ గోలుపోయిన ధర్మాంగదుఁడను చోళరాజునకును సత్యవతికిని లక్ష్మి కూఁతురై పుట్టఁగా, మునులు బ్రతుకుమని దీవించిరఁట. ఆ దీవెనయే యామెకుఁ బేరయ్యెనఁట.

హైదరాబాదున మూసీనది కుత్తరమున నున్న బేగంబజారు, నిజాం అలీఖానుని బేగము వర్తకుల కొసఁగిన భూమి యని ప్రతీతి. పాత్రసామగ్రి వర్తకమునకు నేఁటికిని బ్రసిద్ధము. అచట నొక ముదుసలి గృహిణి పెత్రమాసనాఁడు చుట్టుప్రక్కల స్త్రీలను తన లోగిలికిఁ బిలుచుచుండును. నిరుడు నేనును బోయి యరుఁగుపైఁ గూర్చుంటిని. ఇత్తడి తాంబాళమున గుమ్మడియాకులు పఱచి, తంగేడుపూలు వలయముగాఁ బేర్చి, నడుమ నాకులు దట్టించి, దానిమీఁద రంగులద్దిన గునుగును, బంతిని వరుసలుగా నెత్తుచుండిరి. శిఖరమునఁ బసుపు గౌరమ్మ. చేతు లాడుచుండఁగా మాటలు సాగెను. ఒకతె యత్త గునుగుకాడలను సమముగాఁ గత్తిరించెడిదఁట. వేఱొకతె యప్ప వలయమును వంకర లేక త్రిప్పెడిదఁట. శ్రాద్ధమున గోత్రనామములే వినఁబడును. ఇచట గతించినవారి చేతిపని వినఁబడినది.

ఆ పేటలో వరదమాట రాకమానదు. కీలక సంవత్సరమున, అనఁగా 1908 సెప్టెంబరు 28వ తేదిని, మూసీ పొంగి సుమారు 15,000 మందిని బొట్టఁబెట్టుకొన్నది. బేగంబజారును అఫ్జల్‌గంజును నీటఁ జిక్కినవి. ఉర్దూకవి అంజద్ హైదరాబాదీ తల్లిని, భార్యను, కూఁతును నాఁడే పోఁగొట్టుకొనెను. తిథులు గణించి చూడఁగా నా యేఁటి పెత్రమాస సెప్టెంబరు 25వ తేది యైనది. వరద వచ్చినది బతుకమ్మ లాడు దినములలోనే! కుటుంబములు కుటుంబములే తుడిచిపెట్టుకొని పోయినచోటఁ దర్పణమిచ్చుట కధికారి యెవఁడు? అట్టివారి పేళ్లు ఇరుగుపొరుగు స్త్రీల నోటనే నిలువవలసి యుండెను.

పూలు పేర్చుటకు ముందు ఆ తాంబాళపు టంచున చుక్కలతోఁ జెక్కిన యొక పేరు నా కంటఁబడెను. "ఎవరిదమ్మా యిది?" యని యడిగితిని. "మా యత్తకు అత్తది, పంతులుగారూ" అని గృహిణి చెప్పెను. ఆమె మనుమలు చెప్పు సంకల్పమున నా పేరు రాదు. మూఁడు తరములు దాఁటినది. తాంబాళముమీఁద మాత్రము నిలిచినది. రాజులు వేయించిన శాసనములకు మనము చూపు నాదరమున నూఱవపాలైన వీనికిఁ జూపలేదు.

నా తల్లి తాంబాళమునకును అట్టి పేరుండెను. ఆమె గతించిన మూఁడవయేఁట నిల్లు మాఱుచు, నేనే దానిని బాతసామానుతోఁ దూఁకమున కిచ్చి, స్టీలుపళ్లెము తెచ్చితిని. పేరు ప్రక్క నేదో యూరును సంవత్సరమును జెక్కియుండెను. అవి యేవో యిప్పుడెంత తలఁచినను జ్ఞప్తికి రాకున్నవి.

కావున పాఠశాలాపండితులకు నా విన్నపము. రాఁబోవు పెత్రమాసకు బతుకమ్మ తాంబాళములు బయటికి వచ్చినపుడు, పూలు పేర్చకమునుపే, వానిమీఁది పేళ్లను, ఊళ్లను, సంవత్సరములను శిష్యులచే వ్రాయించి యీ పత్రికకుఁ బంపుఁడు. అక్షరములు మిక్కిలి యరిగియున్నచోఁ బలుచని కాగిత ముంచి పెన్సిలుతో మెల్లగా రుద్దిన నచ్చు దిగును.