జొన్న నుంచి వరికి: కామారెడ్డి, ఎల్లారెడ్డి స్త్రీల తిండి, శ్రమ, పీసీఓఎస్

అండాశయాల పనితీరు, పురుష హార్మోన్ల మోతాదు, ఇన్సులిన్ ప్రభావం అనే మూడింటి మధ్య పొంతన చెడినప్పుడు ఏర్పడే స్థితిని వైద్యులు పాలీసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్ అని, క్లుప్తంగా పీసీఓఎస్ అని వ్యవహరిస్తారు. నెలసరి నెలల తరబడి తప్పడం, గడ్డం మీద, పై పెదవి మీద వెంట్రుకలు మొలవడం, మొటిమలు, మెడ వెనక చర్మం నల్లబడడం, గర్భం నిలవడంలో ఆలస్యం దీని లక్షణాలు. తెలంగాణలోని కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల స్త్రీలు దీనిని నీటి బుడగలని, పీసీఓడీ అని చెప్పుకుంటారు. స్కానింగులో బుడగల వలె కనిపించేవి నిజానికి పూర్తిగా ఎదగకుండా మధ్యలో ఆగిపోయిన అండపు తిత్తులే. లావుగా ఉన్న స్త్రీకి ఈ సమస్య బయటపడినప్పుడు మందుల చీటీ కంటె ముందుగా వినిపించే మాట బరువు తగ్గమని, అన్నం తగ్గించమని, రోజూ నడవమని. సలహా సరైనదే గాని, అది ఆ ఒక్క స్త్రీ అలవాట్లను తప్పుపట్టినట్టు వినిపిస్తుంది. ఈ పల్లెల్లో మూడు పూటలా తెల్లన్నం తినడం, పొద్దుగూకేదాకా ఒక్కచోట కూర్చొని కూలి సంపాదించడం ఎవరికి వారు ఎంచుకున్నవి కావని, గత వందేళ్లలో ఆనకట్ట, రైలు, మిల్లు, చౌకధరల దుకాణం, బీడీ కార్ఖానా కలిసి వాటిని ఇంటింటికీ తెచ్చాయని ఇక్కడి చరిత్ర చూపుతుంది.

వ్యాధి చరిత్ర ప్రాంత చరిత్ర కంటె క్లుప్తమైనది. ఇటలీ వైద్యుడు ఆంటోనియో వాలిస్నేరి 1721లోనే, లావుగా ఉండి సంతానం కలగని ఒక పల్లెటూరి యువతి అండాశయాలు తెల్లగా, మెరుస్తూ, గడ్డలు కట్టినట్టు ఉన్నాయని రాశాడు. ఆధునిక వైద్యంలో దీనికి స్పష్టమైన రూపమిచ్చింది షికాగో వైద్యులు ఇర్వింగ్ స్టైన్, మైకేల్ లెవెంథల్. 1935లో వారు ఏడుగురు స్త్రీలను వర్ణించగా, అందులో నలుగురు స్థూలకాయులు. అప్పట్లో అండాశయంలో కొంత ముక్క కోసివేయడమే చికిత్స. ఈ స్త్రీలలో ఇన్సులిన్ మోతాదు ఎక్కువగా ఉంటుందన్న సంగతి 1980లో గాని తేలలేదు. రక్తంలోని చక్కెరను కండరాలలోకి చేర్చే హార్మోను ఇన్సులిన్. శరీరం దాని మాట సరిగా విననప్పుడు క్లోమం మరింత ఇన్సులిన్ తయారుచేస్తుంది, ఈ స్థితినే ఇన్సులిన్ నిరోధం అంటారు. అలా పెరిగిన ఇన్సులిన్ అండాశయం చేత పురుష హార్మోన్లను ఎక్కువగా చేయిస్తుంది, అవి అండం విడుదలను ఆపుతాయి. పొట్ట చుట్టూ చేరే కొవ్వు ఇన్సులిన్ నిరోధాన్ని ఇంకా పెంచడంతో ఆ చక్రం తిరుగుతూనే ఉంటుంది. వంశపారంపర్యం కూడా ఇందులో బలమైనదే, సన్నగా ఉన్న స్త్రీలకూ ఇది వస్తుంది. కనుక తిండి మారడం వల్లనే పీసీఓఎస్ పుట్టిందనడం పొరపాటు. ఉన్న ధోరణిని తిండి, శ్రమల మార్పు బయటికి లాగి ముదరబెడుతుందనడం న్యాయం.

నిజాం రాజ్యంలో ఇందూరు జిల్లాగా ఉండి తర్వాత నిజామాబాదుగా మారిన ప్రాంతంలో కామారెడ్డి, ఎల్లారెడ్డి మెరక భాగంలో ఉన్నాయి. మంజీర లోయను ఆనుకొన్న కొన్ని ఊళ్లు తప్ప మిగతావన్నీ వాన మీద, చెరువుల మీద, కుంటల మీద ఆధారపడినవే. చెరువు కింద వరి పండినా అది పన్నుకు, అమ్మకానికి, దోమకొండ వంటి గడులకు, పండుగలకు, పెళ్లిళ్లకు పోయేది; కూలి చేసే ఇంట్లో రోజువారీ తిండి జొన్న గటక, జొన్న రొట్టె, అంబలి, మక్క గటక, వాటితో పచ్చిపులుసో తొక్కో పప్పో. గటక అంటే రవ్వగా విసిరిన జొన్నను గట్టిగా ఉడికించినది. పొట్టుతో సహా ఉండడం వల్ల అది మెల్లగా అరుగుతుంది, రక్తంలో చక్కెర ఒక్కసారిగా పెరగదు. ఆ గటక గిన్నెలోకి రావడానికి ముందు కోడికూతకే ఇసుర్రాయి ముందు కూర్చోవడం, రోట్లో రోకటితో దంచడం, చేదబావి నుంచి నీళ్లు మోయడం ఉండేవి. తిన్న తిండిలో ఎంతో భాగం ఆ తిండిని తయారుచేయడంలోనే ఖర్చయ్యేది.

అంతమాత్రాన అది ఆరోగ్యపు స్వర్ణయుగమని చెప్పడానికి వీల్లేదు. జొన్న ఒక్కటే తిని బతికిన దక్కను పీఠభూమి పేదలలో పెల్లాగ్రా అనే లోపవ్యాధి ఉండేది. ఎండ తగిలే చోట చర్మం నల్లగా పొలుసులు కట్టడం, విరేచనాలు, మతి స్థిమితం తప్పడం దాని గుర్తులు. 1958లో కూనూరు నుంచి హైదరాబాదుకు తరలివచ్చిన పోషకాహార పరిశోధన సంస్థలో, అంటే నేటి జాతీయ పోషకాహార సంస్థలో, సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియ ఈ విషయాన్ని పరిశీలించి, జొన్నలో ఎక్కువగా ఉండే ల్యూసిన్ అనే అమైనో ఆమ్లానికి, ఈ వ్యాధికి సంబంధం ఉందని 1960లో ప్రతిపాదించారు. పప్పు, పాలు, ఆకుకూర తోడైన జొన్న వేరు, ఉత్త జొన్న వేరు. చిరుధాన్యాలను సర్వరోగ నివారిణిగా అమ్ముతున్న నేటి అంగళ్లలో ఈ చరిత్ర ఎవరికీ గుర్తులేదు.

మార్పుకు మొదటి ఆనవాలు నిజాంసాగర్. నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనలో, ఇంజనీరు అలీ నవాజ్ జంగ్ ఆధ్వర్యంలో మంజీర నదిపై 1923లో మొదలై 1931లో పూర్తయిన ఈ జలాశయం సుమారు 2,75,000 ఎకరాలకు నీరిచ్చేందుకు ఉద్దేశించినది; దాని కోసం 40కి పైగా ఊళ్లను ఖాళీ చేయించారు. జలాశయం ఎల్లారెడ్డికి దగ్గరలోనే ఉన్నా, ప్రధాన కాలువ బాన్సువాడ, బోధన్, నిజామాబాదుల వైపు దిగువకు సాగిపోయింది, ఎల్లారెడ్డి, కామారెడ్డిల మెరక పొలాలు చాలావరకు ఆ ఆయకట్టుకు వెలుపలే మిగిలాయి. పక్క తాలూకా వరి, చెరకులతో పచ్చబడుతుండగా ఇక్కడ జొన్న మరికొన్ని దశాబ్దాలు నిలవడానికి కారణమిదే. అలా నిలవడం పేదరికమేనని అప్పటివారికి తోచింది. వరి అన్నం తినగలగడం ఎదుగుదలకు గుర్తయింది, ఇంటికి చుట్టం వస్తే గటక పెట్టడం చిన్నతనమయింది.

కాలువ నీటి వెంట తీపి కూడా వచ్చింది. 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఏర్పడగా దాని చుట్టూ శక్కర్‌నగర్ వెలిసింది; రైలు మార్గం మీద ఉన్న కామారెడ్డి బెల్లం వ్యాపారానికి పేరుమోసింది. అంతకుముందు బెల్లం పండుగ సరుకు. సద్దుల బతుకమ్మ నాడు రొట్టెలు నలిపి బెల్లం కలిపి చేసే మలీద ముద్దలు ఏడాదికి ఒకసారి, అదీ రాత్రి పొద్దుపోయేదాకా చుట్టూ తిరిగి చప్పట్లు కొట్టి ఆడిన తర్వాత చేతికి వచ్చేవి. చక్కెర వేసిన చాయ ఇంటి అలవాటయ్యాక తీపి రోజుకు మూడు నాలుగు మార్లు, ఆటపాటల ప్రమేయం లేకుండా, కడుపులో పడసాగింది.

మెరక పొలాల్లో జొన్నను నిజంగా తప్పించినవి కాలువలు కావు, బోర్లు, రేషను. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చినప్పుడు, జొన్న తినే ఇంటికి వరి అన్నం జొన్న కంటె చౌకగా దొరికింది. ఆకలి తగ్గించడంలో ఆ పథకం చేసిన మేలును తక్కువ చేయడం అన్యాయం. అయితే సబ్సిడీ వరికే దక్కడంతో జొన్న, సజ్జ, కొర్ర, సామ పండించడానికి, తినడానికి ఉన్న కారణం పోయింది. విద్యుత్ మోటార్లతో భూగర్భజలం పైకి తెచ్చాక మెరక పొలం కూడా వరి మడి అయింది. మక్క మాత్రం మిగిలింది గాని అది మనుషుల కంచం నుంచి కోళ్ల దాణాలోకి మారింది. తవుడు పూర్తిగా తీసేసే పాలిష్ మిల్లులు ఇంటి దంపుడును చెరిపేయగా, పిండి గిర్ని ఇసుర్రాయిని మూలకు నెట్టింది. ఇసుర్రాయి పోయినందుకు చింతించే స్త్రీ ఈ ప్రాంతంలో దొరకడం కష్టం, చింతించవలసిన అవసరమూ లేదు. శ్రమ పోయిన చోట తిండి మాత్రం తగ్గలేదన్నదే ఇక్కడి విషయం.

శ్రమ పోలేదు, రూపు మారిందని చెప్పడం ఇంకా సరిగా ఉంటుంది. ఉమ్మడి నిజామాబాదు, కరీంనగర్ జిల్లాల్లో లక్షలాది స్త్రీలకు జీవనాధారమైన బీడీ పరిశ్రమ కామారెడ్డి పల్లెలను కూడా అల్లుకుంది. అడవుల్లో తునికాకు, తక్కువ కూలికి దొరికే చేతులు ఉండడం దానికి కలిసివచ్చింది. కార్ఖానా నుంచి తునికాకు, తంబాకు, దారం తెచ్చుకొన్న స్త్రీ ఒడిలో చేట పెట్టుకొని, ఆకును కత్తెరతో కొలతకు కత్తిరించి, తంబాకు నింపి, చుట్టి, కొస మడిచి, దారం కట్టి, వెయ్యి బీడీల లెక్కన కూలి తీసుకుంటుంది. వేళ్లు తప్ప ఒళ్లు కదలని పని ఇది. నడుము వంచి, కాళ్లు ముడిచి ఎనిమిది, పది గంటలు కూర్చోవాలి. భవిష్యనిధి ఖాతా ఉంటుందనే ఆశతో పెళ్లి సంబంధాలలో పిల్లకు బీడీలు చుట్టడం వచ్చా అని అడిగే కాలం కూడా నడిచింది. 1966లో పార్లమెంటు బీడీ, చుట్ట కార్మికుల చట్టం చేసింది; తెలంగాణ ప్రభుత్వం 2015లో బీడీ కార్మికులకు నెలకు 1,000 రూపాయల జీవనభృతి మొదలుపెట్టి, 2019లో 2,016కు పెంచింది. ఈ చట్టాలు, భృతులు కూలిని, పొగాకు ధూళిని లెక్కలోకి తీసుకున్నాయి గాని, యవ్వనంలో రోజుకు పది గంటలు కదలకుండా కూర్చున్న శరీరంలో ఇన్సులిన్ ఏమవుతుందన్న ప్రశ్న ఎవరూ వేయలేదు. నాట్లకు, కలుపుకు పోయే స్త్రీకి బురదలో నడక ఉండేది, కలుపు మందులు, కోత యంత్రాలు వచ్చాక అదీ తగ్గింది. మగవాడు దుబాయికో మస్కట్‌కో పోయి రెండేళ్లకు ఒకసారి వచ్చే ఇళ్లలో, అతడు ఉన్న కొన్ని వారాల్లోనే నెల తప్పాలన్న ఒత్తిడి కూడా తోడై, పీసీఓఎస్ వైద్య సమస్య కంటె ముందు కాపురపు సమస్యగా మారుతుంది.

ఈ నేపథ్యంలో చూస్తే బరువు తగ్గించడం గురించిన నేటి వైద్యవిజ్ఞానం అనుకున్నంత కఠినమైనది కాదు. లావుగా ఉన్న స్త్రీ తన బరువులో 5 నుంచి 10 శాతం తగ్గితే, అంటే 70 కిలోల స్త్రీ మూడున్నర నుంచి 7 కిలోలు తగ్గితే, చాలామందిలో నెలసరి సర్దుకోవడం, అండం విడుదల కావడం గమనించారు. బరువును ఎత్తుతో పోల్చి చూసే సూచిక, అంటే బీఎంఐ, 23 దాటితే అధిక బరువుగా, 25 దాటితే స్థూలకాయంగా లెక్కించాలని భారతీయ వైద్యనిపుణులు 2009లో నిర్ణయించారు. పాశ్చాత్యులకు ఈ గీతలు 25, 30. ఒకే బరువుకు మన శరీరాల్లో పొట్ట కొవ్వు ఎక్కువ, కండ తక్కువ కావడం ఇందుకు కారణం. 2023లో వెలువడిన అంతర్జాతీయ మార్గదర్శకాలు, పీసీఓఎస్‌కు ఫలానా ఆహారపద్ధతే మేలైనదని చెప్పడానికి ఆధారం లేదని, కొనసాగించగలిగిన పద్ధతిని ఎంచుకోవాలని, బరువు పేరుతో స్త్రీని చిన్నబుచ్చరాదని స్పష్టం చేశాయి. మందులలో మెట్‌ఫార్మిన్ 1950లలో మధుమేహానికి వచ్చి, 1990ల నుంచి దీనికీ వాడుకలోకి వచ్చింది. అది ఇన్సులిన్ నిరోధాన్ని తగ్గిస్తుంది గాని బరువును తగ్గించేది కొద్దిగానే.

కొనసాగించగలిగిన పద్ధతి అన్న షరతు దగ్గరే పాత ఆచారాలు కొంత అక్కరకు వస్తాయి, కొంత రావు. వారానికొకసారి ఒక్కపొద్దు ఉండడం, అంటే రోజుకు ఒకే భోజనంతో గడపడం, ఈ ప్రాంతపు స్త్రీలకు కొత్త కాదు; కాని ఒక్కపొద్దు నాటి సాయంత్రం అటుకులు, చక్కెర చాయతో ముగిస్తే బరువు విషయంలో దానివల్ల ఒరిగేదేమీ లేదు. రాత్రి పూట అన్నం బదులు జొన్న రొట్టె తినడం పట్టణాల్లో మళ్లీ మొదలయింది, కామారెడ్డిలోనూ సాయంత్రాలు రొట్టెలు కాల్చి అమ్మడం బతుకుతెరువయింది. రొట్టె మేలే, కాని నాలుగు రొట్టెలు తింటే లెక్క మళ్లీ అన్నం దగ్గరికే వస్తుంది. కంచంలో అన్నం సగానికి తగ్గించి, ఆ ఖాళీని పప్పు, గుడ్డు, ఆకుకూర, కూరగాయలతో నింపడం, బీడీ చేటను గంటకోసారి పక్కన పెట్టి నాలుగడుగులు వేయడం డాక్టర్ల సలహాలో అన్నిటికంటె చౌకైన భాగం.

2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా ఏర్పడి ఎల్లారెడ్డి అందులో రెవెన్యూ డివిజనయింది. 2023 సెప్టెంబరులో కామారెడ్డికి ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించినదీ ఆ 2023నే. చౌకధరల దుకాణం మాత్రం మరో దారి పట్టింది. 2025 ఉగాది నాడు రాష్ట్ర ప్రభుత్వం రేషను కార్డుదారులకు దొడ్డు బియ్యానికి బదులు సన్నబియ్యం ఇవ్వడం ప్రారంభించింది. మనిషికి నెలకు 6 కిలోల చొప్పున నలుగురున్న ఇంటికి 24 కిలోలు ఉచితంగా చేరుతాయి. పేదవారి కంచంలోకి మంచి బియ్యం రావడాన్ని ఆక్షేపించేవారు ఎవరూ ఉండరు. అన్నం తగ్గించమని డాక్టరు చెప్పిన ఎల్లారెడ్డి స్త్రీకి ఆ 24 కిలోలు ఇంటికే వస్తుండగా, అదే డాక్టరు తినమన్న జొన్నలను, పెసర్లను మాత్రం బీడీ కూలి డబ్బులతో అంగడిలో కొనుక్కోవలసి ఉంటుంది.