చలిదేశంలో మెక్సికో పాదు



మన వంటింట్లో మిరపకాయ, టొమాటో లేని పూట లేదు. రెండూ మెక్సికోనుంచి లోకానికి వచ్చినవే. మెక్సికో అనగానే మండుటెండల దేశమనుకుంటాం. కాదు సుమండీ! 1521లో స్పెయిన్ వారు జయించిన అజ్‌టెక్కుల రాజధాని, అంటే నేటి మెక్సికో నగరం, సముద్రమట్టానికి 2,240 మీటర్ల ఎత్తున ఉన్నది. మన ఉదకమండలం ఎత్తూ ఇంచుమించు అంతే. అక్కడి రైతులు చెరువు బురద ఎత్తిపోసి, చినాంపాలనే మడులు కట్టి, మొక్కజొన్న, బీన్సు, టొమాటో పండించేవారు.

ఇటువంటి చల్లని ఎత్తుల పైరులు ఇంగ్లండులో సుఖంగా రావాలి కదా? కొన్ని వచ్చినవి, కొన్ని రాలేదు.

టొమాటో సంగతి చూడండి. 1544లోనే ఇటలీలో మత్తియోలి అనే వైద్యుడు దానిగురించి వ్రాశాడు. 1597లో ఇంగ్లండులో జెరార్డ్ అనే మూలికా గ్రంథకర్త, అందులో పోషణ లేదని తీసిపారేశాడు! తినడానికి జంకు ఉన్నదిగాని, కాయడానికి మొక్కకేమీ అడ్డు లేదు. ఎర్రపూల రన్నర్ బీన్సు కూడా ముందు పూలకోసమే పెరిగి, పిమ్మట కూరలో చేరింది. దానికి చల్లదనమే హితవు. వేడి ముదిరితే పూత రాలిపోతుంది.

మన బెంగుళూరు వంకాయ కూడా మెక్సికోదే. ఇంగ్లండులో నాటితే ఆ పాదు పందిరంతా అల్లుకుంటుంది, పూత మాత్రం రాదు. సెప్టెంబరు చివర పూసినా, పిందె ఎదిగేలోగా మంచు కాల్చేస్తుంది. లోపం ఎక్కడున్నట్టు?

ఈ చిక్కుముడి విప్పినవారు అమెరికాలోని గార్నర్, అలార్డ్ అనే ఇద్దరు. మేరీలాండ్ మామత్ అనే పొగాకు వేసవిలో ఆకులేస్తూ పోతుందేగాని పూయదు. సోయా చిక్కుడును వేర్వేరు తేదీల్లో విత్తినా, అంతా ఇంచుమించు ఒకేసారి పూస్తున్నది. వారు కుండీలను సాయంత్రం పెందలాడే చీకటిగదిలో పెట్టి, మర్నాడు పొద్దెక్కాక బయటికి తీశారు. పూత వచ్చింది! పగలు పొట్టిదైతేనే పూసే మొక్కలున్నాయని 1920లో ప్రకటించారు. లండనులో జూన్ పగలు 16 గంటలు దాటుతుంది. మెక్సికోలో 13 గంటల పైచిలుకే. బెంగుళూరు వంకాయ పొట్టి పగలుకోసం కాచుక్కూర్చునే జాతి.

ఈ విషయం నేను పుస్తకంలో చదివి పరీక్ష వ్రాసినవాణ్ణే. అయినా ఉద్యోగంలో చేరిన కొత్తలో శ్రీకాకుళం వైపు ఒక పెద్దాయన గోగుచేను నడుమెత్తు రాకుండా పూస్తే, "మీకు కల్తీ విత్తనం అంటగట్టారండీ" అనేశాను. ఆయన వెళ్లి విత్తనాలవానితో తగవు పెట్టుకున్నాడు. తర్వాత తెలిసింది. "బాబూ, అదే సంచిలోది మా అన్నయ్య మే నెల్లో జల్లాడు. ఆ చేను నిలువెత్తు దాటిపోనాది" అన్నాడు. ఈయన విత్తింది ఆగస్టులో. గోగూ పొట్టిపగలు మొక్కే. నార ఎలాగూ పోయింది. ఆ తగవు మాత్రం నావల్లనే.

ఇప్పుడు చలిదేశాల తోటమాలులు ఉపాయంగా పోతున్నారు. టొమాటో, మిరప నారు ఇంట్లోనే పెంచి, మంచు వెళ్లాక నాటుతారు. పైన పొర కప్పుకున్న టొమాటిల్లో కాయకు ఒక్క మొక్క చాలదు. తన పుప్పొడి తనకు పనికిరాదు కనుక రెండైనా కావాలి. బీన్సు కుండలో వేసే ఎపసోటె ఆకు పంట, పూతతో పనిలేదు. కొత్తిమీర మెక్సికోది కాదు, స్పెయిన్ వారు తీసుకెళ్లినది. దాని తీరు వేరు, పొడుగు పగళ్లకు, వేడికి త్వరగా కంకి వేస్తుంది.

మన అరకు 18 డిగ్రీల అక్షాంశంలో ఉన్నది, మెక్సికో నగరం 19లో. పగళ్ల లెక్క ఇంచుమించు ఒకటే. బెంగుళూరు వంకాయ వేయదలచినవారు కాయను కోయకుండా, మొలకతోసహా ఏటవాలుగా పాతండి. లోపల గింజ ఒక్కటే, అది కాయలోనే మొలుస్తుంది. పందిరి ముందే గట్టిగా వేయండి, పాదు బరువెక్కువ.