త్రీ నాట్ త్రీ తరువాత: బోరు మారిన పాత సైనిక తుపాకులు

తుపాకి గొట్టపు లోపలి వ్యాసాన్ని బోరు అనీ, క్యాలిబర్ అనీ వ్యవహరిస్తారు. మన పోలీసు ఠాణాలలో తరతరాలుగా కనిపించిన ‘త్రీ నాట్ త్రీ’కి ఆ పేరు ఈ కొలత వల్లనే వచ్చింది. అది .303 అంగుళాలు, అనగా సుమారు 7.7 మిల్లీమీటర్లు. ఒక కొలతకు తయారైన సైనిక తుపాకిని మరొక కొలత తూటాకు అనువుగా మార్చడం అనేక దేశాలలో జరిగినదే. పాతదానిని పారవేయక పనికి తెచ్చుకోవడమే సాధారణంగా అందుకు కారణం. మన దేశంలో మాత్రం పొదుపు ఒక్కటే కాక, ఏ ఆయుధం ఎవరి చేతిలో ఉండవచ్చునన్న ఆలోచన కూడ ఈ మార్పులను నడిపించింది.

1857 తిరుగుబాటుకు తక్షణ కారణాలలో ఒకటిగా చెప్పే కొవ్వు తూటా .577 బోరు ఎన్‌ఫీల్డ్ రైఫిలుకు చెందినది. తిరుగుబాటు అణగిన పిమ్మట, దేశీయ సిపాయిలకు ఇచ్చే తుపాకులలో గొట్టం లోపలి మెలి గాడులు లేకుండ తొలిపించి, బోరును సుమారు .65 అంగుళాలకు పెంచారు. ఆ గాడులే గుండును గిరగిర తిప్పి దూరం దాకా సూటిగా పంపుతాయి. అవి పోతే గురి దగ్గరి దూరానికే పరిమితం. దూరాన్నిబట్టి సర్దుకొనే వెనుక సైటును కూడ తీసివేసి కదలనిది బిగించారు. బ్రిటిష్ సైనికుని చేత రైఫిలు, సిపాయి చేత దానివలె కనిపించే నున్నని గొట్టం. తొలిచినందున గొట్టపు గోడలు పలుచబడగా, 1859 నమూనాలో మందం పెంచవలసి వచ్చింది.

ఇదే ఆలోచన ఇరువదవ శతాబ్దంలోనూ కొనసాగింది. బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ కర్మాగారంలో లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిళ్లను .410 బోరు మస్కెట్లుగా మార్చి పోలీసులకు, జైలు కాపలాదారులకు ఇచ్చారు. గొట్టంలో గాడులు లేవు. మ్యాగజైన్ స్థానంలో చెక్కముక్క దిగగొట్టినందున ఒక్కొక్క తూటానే పెట్టి కాల్చాలి. .303 తూటా గొట్టాన్ని మెడ నొక్కకుండ తిన్నగా ఉంచి దీని తూటాను తయారుచేశారు. ఇటువంటి తుపాకి తిరుగుబాటుదారుల చేతికి చిక్కినా నష్టం స్వల్పమని లెక్క. ఠాణాల ఆయుధాలు చిక్కుతాయన్న భయం ఊహామాత్రమైనది కాదు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై వరుసగా దాడిచేసి తుపాకులు పట్టుకుపోయిన సంగతి ఒడిశా సరిహద్దు పాఠకులకు చెప్పనక్కరలేదు.

సామాన్యులకు సైనిక తూటా పట్టే తుపాకి నిషిద్ధం కావడంతో వేట తుపాకులలో .315 బోరు వచ్చింది. ఇది నిజానికి ఆస్ట్రియా-హంగరీ సైన్యపు 8 మిల్లీమీటర్ల మాన్‌లిషర్ తూటాయే. అంగుళాలలో లెక్కిస్తే .315 అవుతుంది. లీ-ఎన్‌ఫీల్డ్ యంత్రభాగానికే ఈ బోరు గొట్టం అమర్చిన రైఫిలును ఇషాపూర్ లైసెన్సుదారుల కొరకు తయారుచేసింది.

వీటన్నిటికంటె ఎక్కువ అపోహలున్నది ఇషాపూర్ 2ఎ రైఫిలు విషయంలో. 1962 చైనా యుద్ధంనాటికి మన సైన్యం చేతిలో అధికంగా ఉన్నవి .303 రైఫిళ్లే. కొత్తగా వస్తున్న స్వయంభరణ రైఫిలుకు (ఎస్.ఎల్.ఆర్.) 7.62 మిల్లీమీటర్ల నాటో తూటా కావాలి. ఒకే సైన్యానికి రెండు రకాల తూటాలు మోయడం సరఫరాదారులకు తలనొప్పి. పాత రైఫిలుకు గొట్టం మార్చితే చాలదా అనిపిస్తుంది. చాలదు. .303 తూటాకు అనుమతించిన గరిష్ఠ పీడనం 365 మెగాపాస్కళ్లు, 7.62కు 415. పైగా లీ-ఎన్‌ఫీల్డ్ బోల్టు వెనుకవైపున తాళం పడుతుంది గనుక, పేలుడు ఒత్తిడి బోల్టు పొడవునా ప్రసరిస్తుంది. .303 తూటా అడుగున వెలుపలికి పొడుచుకొచ్చిన అంచు ఉంటుంది, 7.62కు అది లేదు. అందువల్ల ఖాళీ గొట్టాన్ని పట్టి లాగే కొక్కెం, మ్యాగజైన్ కూడ మారవలసిందే.

కనుక ఇషాపూర్ ఇంజనీర్లు పాత రైఫిళ్లను సవరించలేదు. నమూనా పాతదే ఉంచి, మెరుగైన ఉక్కుతో, 12 తూటాల మ్యాగజైన్‌తో రైఫిలును కొత్తగానే తయారుచేశారు. గొట్టం మార్చిన త్రీ నాట్ త్రీ అని దీనిని పిలవడం పొరపాటు. తొలుత 2,000 గజాల వరకు గీతలుండిన సైటును 1965లో 2ఎ1 నమూనాకు 800 మీటర్లకు తగ్గించారు. ఎవరూ రెండువేల గజాల అవతలి మనిషిని గురిపెట్టరు గనుక ఇది తెలివైన పనే. బ్రిటన్‌లో మాత్రం మరింత దృఢమైన నంబర్ 4 రైఫిళ్లకు గొట్టాలు మార్చి, ఎల్42ఎ1 పేరుతో 1970 నుండి గురికాండ్రకు ఇచ్చారు.

సైన్యం విడిచిన బోల్టు రైఫిళ్లు పోలీసుల వద్ద చాలాకాలం మిగిలాయి. 2008 నవంబరు 26 రాత్రి ముంబయి ఛత్రపతి శివాజీ టర్మినస్‌లో స్వయంచాలక తుపాకులకు ఎదురునిలిచిన పోలీసుల చేతులలో ఉన్నవి ఇటువంటివే. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 గణతంత్ర దినోత్సవాన .303కు వీడ్కోలు పలికారు.

ఇంటిలో తాతలనాటి లైసెన్సు తుపాకి ఉన్నవారు ఒకటి గమనించాలి. 1959 ఆయుధ చట్టం 5వ సెక్షన్ ప్రకారం తుపాకుల తయారీ, మార్పు, మరమ్మతు వ్యాపారానికి ప్రత్యేక లైసెన్సు ఉండాలి. 2019 సవరణతో 6వ సెక్షన్ కూడ విస్తరించి, ఒక వర్గపు తుపాకిని మరొక వర్గంలోకి మార్చడానికీ లైసెన్సు తప్పనిసరి అయినది. కొలిమి దగ్గర గొట్టం తొలిపించడం నేరమే కాదు, పలుచబడిన గొట్టం కాల్చేవాని ముఖం మీదనే పగలవచ్చు. చేతనున్నది ఏ బోరో తెలియకపోతే, కర్ర పిడి కలిసేచోట ఇనుము మీది అక్షరాలు చూడాలి. ఇషాపూర్ 7.62 రైఫిళ్లపై అచ్చట ఆర్.ఎఫ్.ఐ. ముద్ర, నమూనా, సంవత్సరం కుడివైపున చెక్కి ఉంటాయి.