టేక్ (ఆంగ్ల క్రియ)

టేక్ ఆంగ్ల భాషలో విరివిగా వాడబడే క్రియలలో ఒకటి. దీని భూతకాల రూపం టుక్, భూత కృదంత రూపం టేకెన్. ప్రాచీన నార్స్ భాష నుండి వచ్చిన ఈ పదం, అదే అర్థం గల పాత ఆంగ్ల క్రియ 'నిమన్' స్థానంలో స్థిరపడింది.

తెలుగుతో పోలిక

దీని మూలార్థం 'తీసుకొను'. అయితే చేరిన నామవాచకాన్ని బట్టి తెలుగులో క్రియ మారుతుంది.

* టేక్ ఎ ఫోటో: ఫోటో తీయు
* టేక్ ఎ టాబ్లెట్: మాత్ర వేసుకొను
* టేక్ ఎన్ ఎగ్జామ్: పరీక్ష వ్రాయు
* టేక్ ఎ సీట్: కూర్చొను
* టేక్ కేర్: జాగ్రత్త పడు

కొడవలూరు నుండి నెల్లూరుకు బస్సులో వెళ్ళడాన్ని కూడా 'టేక్ ద బస్' అనే అంటారు.

'మాత్ర వేసుకున్నాను' అనే మాటను 'పుట్' అనే క్రియతో అనువదిస్తే, వినే వైద్యునికి మాత్రను ఎక్కడో ఉంచినట్లు తోస్తుంది. 'రైట్ ఎన్ ఎగ్జామ్' మాత్రం భారతీయ ఆంగ్లంలో రూఢి అయినది. కావున విద్యార్థులు క్రియను విడిగా కాక, నామవాచకంతో జంటగా నేర్చుకోవడం మేలు.